రాజమహేంద్రవరమున ఒక వడ్రంగిసాల

మా అత్తగారి టేకుపెట్టె మూల విచ్చిపోగా, బాగుచేయించుటకై రాజమహేంద్రవరము పోయితిమి. పూర్వము మన్యపు కలప తెప్పలుగా గోదావరిపై ఇచ్చటికే దిగివచ్చెడిది.

సాలలో ఉలిచప్పుడు లేదు. బల్ల నడిమి రంధ్రమునుండి పైకి వచ్చిన రూటరు కత్తి చెవులు దిమ్మెక్కునట్లు తిరుగుచుండెను. దానిమీద పలకను నడుపు చట్రమును జిగ్గందురట. చట్రమున నొక చిన్న చెక్కమేకు గలదు. తెగిన గాడిని ఆ మేకునకు తగిలించి తరువాతి గాడి కోయుదురు. మేకు లావును, మేకునకు కత్తికి నడిమి యెడమును, కత్తి వెడల్పును సమమైననే పళ్లు ఒకదానిలో నొకటి కూర్చుండును. మొదట వృథాచెక్కపై చూచిరి. పళ్లు బిగిసి దిగవాయెను. మేస్త్రి మేకును కత్తివైపు కాగితమంత జరిపెను. సోదరీమణులారా, అంతమాత్రమునకే రెండవమారు అరచేతి యొత్తిడికి దిగినవి!

కాని మా పెట్టె పళ్లు చేతితో కోసినవి, ఒక్కొక్కటి ఒక్కొక్క వెడల్పు. వానిని కోసివేసి యంత్రముతో క్రొత్తవి పెట్టినచో పెట్టె కురచయగునని మేస్త్రి చెప్పెను. మేము మారుపలుకలేదు. అత్తగారికేమని చెప్పుదుము?

ఆయన మా ముఖము చూచి, "ఒక్క పలకయే గదమ్మా" యని గూటిలోని ఉలి తీసి నూరుటకు కూర్చుండెను. రెండు దినములాగుమనెను, ఆగితిమి.