తాబా దగ్గర ఒక హద్దురాయి

ఇజ్రాయెల్‌లోని ఐలాట్ పట్టణం నుంచి అకాబా సింధుశాఖ ఒడ్డు వెంట దక్షిణంగా సాగే రోడ్డు, ఒక పక్క నీలపు నీటినీ మరో పక్క చెట్టూచేమా లేని గ్రానైట్ కొండలనూ చూపిస్తూ, పది కిలోమీటర్లు నిండకముందే సరిహద్దు తనిఖీ కేంద్రం దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి ప్రయాణికుడు కాలినడకన దాటితే చేరేది ఈజిప్టులోని తాబా. కొండకూ నీటికీ మధ్య ఇరుక్కున్న ఈ నేల దాదాపు ఒక చదరపు కిలోమీటరు మాత్రమే అయినా, దీని కోసం రెండు దేశాలు ఏడేళ్లు వాదులాడుకున్నాయి.

తగాదాకు మూలం 1906 అక్టోబరు 1న ఒట్టోమన్ సామ్రాజ్యానికీ, బ్రిటిష్ ఆధీనంలోని ఈజిప్టుకూ కుదిరిన ఒప్పందం. రఫా నుంచి తాబా దాకా గీసిన ఆ రేఖ మీద మొదట టెలిగ్రాఫ్ స్తంభాలు పాతి, తర్వాత వాటి స్థానంలో రాతి కట్టడపు హద్దుస్తంభాలు నిలిపారు. ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన 1979 శాంతి ఒప్పందం, ఈజిప్టుకూ, మాజీ మాండేటు పాలస్తీనాకూ (మాండేటు అంటే నానాజాతి సమితి బ్రిటన్‌కు అప్పగించిన పాలన) మధ్య ఉన్న సరిహద్దునే ఖాయం చేసింది. అయితే 1982 ఏప్రిల్ 25న తాను ఆక్రమించి ఉన్న సినాయ్ ద్వీపకల్పం నుంచి వైదొలగిన ఇజ్రాయెల్, 14 స్తంభాల చోటు గురించి ఈజిప్టుతో ఏకీభవించలేదు. వాటిలో కీలకమైనది సముద్రానికి అతి దగ్గరిదైన 91వది.

ఆ స్తంభం పాత జాడ రోడ్డు కోసం కొండను తొలిచినప్పుడు చెరిగిపోయింది. ఒప్పందం ప్రకారం ఒక స్తంభం నుంచి మరొకటి కనబడాలని, ఈజిప్టు చూపే చోటు అందుకు సరిపడదని ఇజ్రాయెల్ వాదించింది. 1986 సెప్టెంబరు 11న ఇరుపక్షాలు సంతకం చేసి ఏర్పరచుకున్న ఐదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్, స్వీడన్‌కు చెందిన గున్నార్ లాగెర్‌గ్రెన్ అధ్యక్షతన, 1988 సెప్టెంబరు 29న నలుగురి మెజారిటీతో (ఇజ్రాయెల్ నియమించిన సభ్యురాలు రూత్ లాపిడాత్ విభేదించారు) ఈజిప్టు చూపిన చోటునే ఖరారు చేసింది. కాగితం మీది మాటకూ నేల మీది రాయికీ తేడా వచ్చినా, ఇరువైపులవారూ ఏళ్ల తరబడి హద్దుగా ఒప్పుకుని బతికిన రాయే చెల్లుతుందన్నది ఆ తీర్పులోని సారం. గెట్టు తగాదాలు ఎరిగిన ఏ రైతుకైనా ఇది సుబోధకమే.

తీర్పుకు తలవంచడానికి ఇరుపక్షాలూ ముందే సిద్ధపడ్డాయి కనుకనే అది నిలిచింది. అలాంటి ఒప్పుకోలు లేని చోట సంగతి వేరు. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలై 9న చెప్పింది. కానీ అది కట్టుబడక తప్పని తీర్పు కాక సలహా అభిప్రాయం మాత్రమే కావడంతో గోడ అక్కడే ఉండిపోయింది, దాని నీడలో పొలాలకు దూరమైన పాలస్తీనా కుటుంబాలూ అలాగే ఉండిపోయాయి.

తాబాలో మాత్రం, 1989 మార్చి 15న నేల చేతులు మారింది. 19న అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు హోస్నీ ముబారక్ తమ దేశ జెండా ఎగరవేశారు. వివాద కాలంలో ఇజ్రాయెలీలు కట్టుకున్న ఒడ్డు హోటలు ఈజిప్టు పరమైంది. తనిఖీ కేంద్రం దాటిన వెంటనే, ఎడమ చేతి వైపు, నీటికి ఆనుకుని అది ఇంకా నిలిచే ఉంది.