3,300 కట్టల టీవీ



దసరా సెలవుల్లో మా ఇంటికి టీవీ కొన్నాం. దీనికి ఇంత పొడుగు పోస్టు ఎందుకు అనుకోకండి. మన గ్రూపులో చాలామందిమి మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం. ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ వస్తువు కొనాలన్నా "చదువుకున్నోళ్లు మీరే చూడండి" అని మన చేతిలో పెడతారు. మాకూ అదే జరిగింది. మేము సరిగ్గా చేసిందీ, తప్పు చేసిందీ రెండూ రాస్తున్నాం. దీపావళికో సంక్రాంతికో కొనేవాళ్లకు పనికొస్తుంది.

మేము అంటే ఇద్దరం, ఒక తల్లి పిల్లలం. ఒకరం డిగ్రీ రెండో సంవత్సరం, ఇంకొకరం ఇంటర్. ఇద్దరం హాస్టల్లోనే. మాది చర్ల మండలం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊళ్లోకి కూడా నీళ్లొచ్చాయి. బియ్యం బస్తాలు, కోళ్లు, నాయనమ్మను ఎత్తుకుని మిట్ట మీదికి పోయాం. పాత డబ్బా టీవీని ఎవరూ ఎత్తలేదు. అది బురదలో పోయింది. అప్పట్నుంచి మూడేళ్లు ఇంట్లో టీవీ లేదు. ఎవరం అడగలేదు కూడా.

ఈ ఏడాది అమ్మే అడిగింది. "మీరిద్దరూ హాస్టల్‌కి పోతే ఇంట్లో మాట వినబడదు. ముసలామె పొద్దంతా గుమ్మంలో కూచుని దారి చూస్తది" అంది. నాయన ఏమీ అనలేదు. తునికాకు డబ్బు ఖాతాలో పడ్డాక పాస్‌బుక్ తెచ్చి మా ముందు పెట్టాడు. 12,900 రూపాయలు.

ఆకు కోసేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాం. ఒక కట్టకు 50 ఆకులు. కట్టకు మూడు రూపాయలు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే అడవికి పోవాలి. ఎండ ముదిరేలోపు మోపు కట్టుకుని రావాలి. మధ్యాహ్నమంతా ఇంటి నీడన కూచుని ఆకులు లెక్కపెట్టి కట్టలు కట్టాలి. సాయంత్రం కల్లం దగ్గర వరుసలు పేర్చాలి. ఆకు చిల్లు పడిందనో, చిన్నదనో కల్లేదారు కొన్ని పక్కన పడేస్తాడు. అమ్మ, నాయన కలిసి ఈ సీజన్‌లో కోసింది 4,300 కట్టలు. ఆకుల్లో చెప్పాలంటే రెండు లక్షల పదిహేను వేలు. సెలవులకు వచ్చినప్పుడు మేము కూడా కొన్ని కట్టలు కట్టాం. ఎక్కువేం కాదు, చెప్పుకోడానికి సిగ్గే.

ఆ డబ్బు పట్టుకుని నలుగురం భద్రాచలం బయల్దేరాం. మహాలక్ష్మి పథకం వల్ల అమ్మకు బస్సు టికెట్ లేదు. "నేనొక్కదాన్నే మీకు ఖర్చు తేలేదు" అని నవ్వింది.

పోయే ముందే హాస్టల్లో కూచుని కొంత చదివాం. మాకు అర్థమైంది సూటిగా చెబుతాం. టీవీ బొమ్మ అంటే చుక్కలు. హెచ్‌డీ రెడీ అని రాసిన 32 అంగుళాల టీవీల్లో ఎక్కువగా అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. గుణిస్తే పదిన్నర లక్షలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. దాదాపు 21 లక్షలు. ఫోర్‌కే అయితే 83 లక్షలు. ఎక్కువ చుక్కలుంటే ఎక్కువ స్పష్టం, ఇది నిజమే. కానీ లోపలికి వచ్చే బొమ్మలో కూడా అన్ని చుక్కలుండాలి కదా. మా ఇంటికి రాబోయేది డీడీ ఫ్రీ డిష్. నెలనెలా రీఛార్జి లేదు, ఒకసారి గొడుగు, బాక్సు కొనుక్కుంటే చాలు. దాంట్లో వచ్చే చాలా ఛానళ్లు మామూలు రకం, అంటే నాలుగు లక్షల చుక్కల బొమ్మ. నాలుగు లక్షల చుక్కల బొమ్మను 83 లక్షల చుక్కల తెర మీద పరిస్తే, చిన్న దుప్పటిని పెద్ద మంచం మీద లాగినట్టే.

ఇంత చదివి కూడా మా ఇద్దరికీ కుదరలేదు. ఒకరం 32 చాలన్నాం, ఒకరం 43 కావాలన్నాం. ఎవరు ఏదన్నారో చెప్పం. 43 అన్నవాళ్ల మాట కూడా తీసేసేది కాదు. మన ఊళ్లల్లో టీవీ ఒక ఇంటిది కాదు. మ్యాచ్ ఉంటే పదిహేను మంది వస్తారు. నలుగురు లోపల, మిగతావాళ్లు అరుగు మీద. వెనక కూచున్నోళ్లకు 32 అంగుళాల్లో ఏం కనబడుతుంది? 43 తెర వైశాల్యం 32కి దాదాపు 1.8 రెట్లు. చూడ్డానికి చాలా తేడా.

షాపులోకి పోయాక ముందు కనబడింది 43 అంగుళాల ఫోర్‌కే. సముద్రం, చేపలు, పూలు, నీటి బొట్లు. అమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. సేల్స్ కుర్రాడు నాయనతో "పెద్దాయనా, నీకు ఏ రేంజ్‌లో కావాలి" అన్నాడు. నాయన చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మం దగ్గరే ఆగాడు. మేము "రండి నాయనా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాం.

"43 తీసుకోండి, 20,400. జీఎస్టీ తగ్గింది, ఈ ధర మళ్లీ రాదు" అన్నాడు. జీఎస్టీ తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద 28 శాతం 18 అయింది. కానీ 32, అంతకంటే చిన్న టీవీలకు ముందు నుంచే 18. పన్ను తగ్గింది కాబట్టి పెద్దది లాభం అనుకోవద్దు. మన చేతిలోంచి పోయేది ఎంత అన్నదే చూడాలి.

డబ్బు చాలదన్నాం. "క్యాష్ ఎవరిమ్మన్నారు? నెలకు 1,700, 12 నెలలు. వడ్డీ లేదు" అన్నాడు. నాయనకు జీతం కాగితం లేదన్నాం. అప్పుడు మా వైపు తిరిగి, "మీలో 18 నిండినవాళ్లున్నారు కదా? బ్యాంకు ఖాతా ఉంటుందిగా, స్కాలర్‌షిప్ పడేది. దాంట్లోంచే కట్ అయిపోతుంది, మీకు తెలియనే తెలియదు" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. మన స్కాలర్‌షిప్ ఏ నెలలో పడుతుందో మనకే తెలియదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తారీఖున వస్తుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, అప్పిచ్చినవాళ్లు ఇంకొకటి వేస్తారు. రేపు పైచదువుకు లోన్ అడిగితే ఆ మరక మన పేరు మీద కనబడుతుంది. "వడ్డీ లేదు" అన్న కాగితం కింద చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు అని వేరే ఉంది. మేము చదివి అడిగితే "అది అందరికీ ఉండేదే" అన్నాడు.

అయినా నిజం చెబుతున్నాం, మేము ఊగిపోయాం. అమ్మ ఆ చేపల్ని చూస్తున్న చూపు చూశాక, నెలకు 1,700 ఎట్లాగైనా కట్టొచ్చు అనిపించింది. హాస్టల్లో కాస్మెటిక్ చార్జీలు మిగిల్చి, ఆదివారం కూలికి పోయి. మనసులో లెక్కలు వేసేసుకున్నాం.

అప్పటిదాకా మాట్లాడని నాయన మెల్లగా అడిగాడు. "అది ఎన్ని కట్టలవుతది?"

సేల్స్ కుర్రాడు నోట్ల కట్టలనుకున్నాడు. "కట్టలక్కర్లేదు పెద్దాయనా, నెలనెలా కొంచెమే" అని నవ్వాడు. మేము నవ్వలేదు. ఫోన్ తీసి లెక్క వేశాం. 43 అంగుళాలది 6,800 కట్టలు. 32 అంగుళాలది 9,900 రూపాయలు, 3,300 కట్టలు. తేడా 3,500 కట్టలు, అంటే ఒక లక్షా డెబ్బై ఐదు వేల ఆకులు. వచ్చే వేసవిలో ఆకు కోయకముందే ఆ ఆకుకు అప్పు రాయించుకున్నట్టు. చుక్కల లెక్క నేర్చుకుని వచ్చిన మాకు అసలు లెక్క నాయన నేర్పాడు. 43 అన్నవాళ్లే ముందుగా "32 చాలు" అన్నారు.

తర్వాత పని తేలికైంది. మేము అడిగినవి, చూసినవి వరుసగా రాస్తున్నాం.

షాపుల్లో పెన్‌డ్రైవ్ వీడియో చూసి మోసపోకండి. ఇంట్లో వచ్చే బొమ్మ వేరు. ఫ్రీ డిష్ బాక్సు పెట్టి చూపించమన్నాం. కుర్రాడు విసుక్కున్నాడు గానీ, అక్కడ పనిచేసే ఒక పెద్ద వయసాయన వైరు తెచ్చి రెండింటికీ మార్చి మార్చి పెట్టాడు. డీడీ యాదగిరి 43లో ముఖాలు అలికినట్టు కనబడ్డాయి. 32లో బాగానే ఉంది. అప్పుడు అమ్మకు కూడా అర్థమైంది.

పక్కకు పోయి నిలబడి చూడండి. కొన్ని తెరలు ఎదురుగా బాగుంటాయి, పక్కనుంచి పాలిపోతాయి. అరుగు మీద కూచునేవాళ్లు మూలనుంచే చూస్తారు కాబట్టి మేము నలుగురం నాలుగు మూలల్లో నిలబడ్డాం. సౌండ్ పెంచి కూడా విన్నాం. నాయనమ్మకు చెవులు మందం, వానకు మా రేకులు మోగుతాయి.

వెనక స్టిక్కర్ చదవండి. మేము తీసుకున్నదాని మీద 100 నుంచి 240 వోల్టులు, 50 వాట్లు అని ఉంది. సాయంత్రం మా ఊళ్లో కరెంటు బాగా పడిపోతుంది, అందుకే ఆ మొదటి అంకె ముఖ్యం. 50 వాట్లంటే రోజుకు నాలుగు గంటలు చూస్తే నెలకు ఆరు యూనిట్లు. ఉరుములప్పుడు మాత్రం ప్లగ్గు, గొడుగు వైరు రెండూ పీకేయాలి. దానికి ఏ స్టిక్కరూ కాపలా కాయదు.

వెనక రంధ్రాలు లెక్కపెట్టండి. హెచ్‌డీఎంఐ రెండు, పెన్‌డ్రైవ్‌కు యూఎస్‌బీ, పాత బాక్సులకు ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు పట్టేది ఒకటి. స్మార్ట్ టీవీ అని ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. మా ఊళ్లో సిగ్నల్ చింతచెట్టు కిందే దొరుకుతుంది, ఆ చెట్టును ఇంట్లోకి తేలేం. కానీ యూఎస్‌బీ ఉంటే హాస్టల్లో పాఠాల వీడియోలు ఎక్కించుకొచ్చి ఇంట్లో చూడొచ్చు.

సర్వీస్ ఎక్కడుందో కొనకముందే అడగండి. మేము షాపులోంచే రెండు కంపెనీల నంబర్లకు ఫోన్ చేసి మా పిన్‌కోడ్ చెప్పాం. ఒకరు రామన్నారు. ఒకరు వస్తామన్నారు. వస్తామన్నవాళ్లదే తీసుకున్నాం.

ఇప్పుడు మా తప్పు. బిల్లు చదవాల్సింది షాపులో, మేము చదివింది బస్సులో. టీవీ 9,900, ఫ్రీ డిష్ సామాను 1,700, దాని కింద గోడ స్టాండు 500. మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మాది మట్టి గోడ. దానికి మేకు దిగితే సగం గోడ ఊడొస్తుంది. 500 అంటే దాదాపు 167 కట్టలు. బస్సు దుమ్ముగూడెం దాటిపోయింది, వెనక్కి పోలేం. నాయనకు చెప్పాలా వద్దా అని చాలాసేపు చూసుకున్నాం. చెప్పాం. "చదివారు కాబట్టి తెలిసింది, లేకపోతే తెలియకపోను" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ స్టాండు అటక మీద ఉంది.

టీవీని బల్ల మీదే పెట్టాం. మొదటి రోజే అరుగు నిండిపోయింది. మేము భయపడినట్టే వెనకనుంచి ఒకరు "బంతి కనబడట్లేదర్రా" అన్నారు. నాయన లేచి బల్లను గుమ్మం దాకా జరిపాడు. వెనకోళ్లు ముందుకు జరిగారు. నాయనమ్మకు తెలుగు సగమే తెలుసు. మ్యాచ్ అక్కర్లేదంది, పాటలొస్తే పిలవమంది. పిలిచాం. పాట మధ్యలో నిద్రపోయింది. సౌండ్ తగ్గిస్తే మళ్లీ లేచి "ఎందుకు తగ్గించారు" అంది.

సెలవులు అయిపోయి హాస్టల్‌కి వచ్చేశాం. మొన్న నాయన చింతచెట్టు కిందికి వచ్చి ఫోన్ చేశాడు. పక్కింటి బాబాయి టీవీ కొంటాడంట. "బిల్లు షాపులోనే చదివించుకో అని చెప్పిన. స్టాండు కూడా మనదే ఇస్తానన్న, ఆళ్లది సిమెంటు గోడ" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పెట్టెలో ఇంకో కాగితం ఉంది, వారంటీదంట. ఈసారి వచ్చినప్పుడు మొత్తం చదివి చెప్పండి" అన్నాడు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఎనిమిది పేజీలుంది. సంక్రాంతికి పోయి చదువుతాం. మీ ఇళ్లల్లో టీవీ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ లెక్క కూడా రాయండి. కట్టల్లో రాసినా, మిర్చి కోత కూలిరోజుల్లో రాసినా, రూపాయల్లో రాసినా సరే.

జై ఆదివాసీ.