పైనుంచి చూసి చెప్పండి... ఇదెక్కడ?

ఫోన్ తెర నిండా ఎండుమట్టి రంగు. మధ్యలో కంపాస్‌తో గీసినట్టు ఓ పెద్ద వృత్తం. దాన్ని పిజ్జాలా కోసినట్టు నడిమధ్య నుంచి అంచుల దాకా గీతలు. లెక్కపెడితే 20 ముక్కలు! సరిగ్గా మధ్యలో ఒక చుక్క, దాని పక్కన పొడుగాటి నీడ. ఊరి పేరు లేదు, పిన్ లేదు. ఇదెక్కడ? టైమ్ 2 నిమిషాలు.

‘పాత ఎయిర్‌పోర్టు’, ‘సోలార్ ప్లాంటు’, ‘ఏలియన్స్ పనే బ్రో’... మా వాట్సాప్ గ్రూపులో మొదటి నిమిషంలో పడ్డ జవాబులివి. అసలు జవాబు ఇరాన్‌లో ఫిరూజాబాద్ పక్కనున్న గోర్. ససానియన్ వంశానికి ఆద్యుడైన మొదటి అర్దషీర్ 3వ శతాబ్దంలో కట్టించిన నగరం. ఈ అంచు నుంచి ఆ అంచుకి సుమారు 2 కిలోమీటర్లు. నీడ పడేది నడిబొడ్డున మిగిలిన ఓ మొండి బురుజుది. జనం వెళ్లిపోయి వందల ఏళ్లయింది, కానీ ఊరి గీత మాత్రం చెరగలేదు.

జియోగెస్సర్ ఆడినవాళ్లకి ఈ పిచ్చి కొత్త కాదు. అందులో మనల్ని ఏదో దేశంలో రోడ్డు మీద వదిలేస్తారు. ఇందులో ఆకాశంలో వేలాడదీస్తారు, అంతే తేడా. రూల్స్ సింపుల్. ఒకరు గూగుల్ ఎర్త్‌లో ఏదో ఒక పురాతన ప్రదేశం వెతికి, పేర్లు కనపడకుండా స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తారు. మిగతావాళ్లు దేశం చెబితే 1 పాయింటు, చోటు చెబితే 5. రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేసినవాళ్లు తర్వాతి ఆదివారం టీ ఖర్చు పెట్టుకోవాలి.

నాలుగు రౌండ్లు ఆడేసరికి కన్ను మారిపోతుంది. ప్రకృతి తిన్నటి గీత గీయడం అరుదు కాబట్టి, కిలోమీటరు పొడవున వంకర లేని గీత కనిపిస్తే ముందు మనిషిని అనుమానించాలి. కంబోడియాలో అంకోర్ పక్కన పశ్చిమ బరాయ్ అనే చెరువు చూడండి. 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల పైన వెడల్పు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా! చెరువు ఇలా ఉంటుందా అని మనకి అనిపించడం సహజం. మన కాకతీయుల చెరువులు కొండల వంపుల్ని పట్టుకుని వంకరటింకరగా ఉంటాయి కదా మరి.

ఇక నేలలో పూర్తిగా పూడిపోయినవాటిని పట్టడం అసలైన మజా. భూమిలోపల పాత గోడ ఉందనుకోండి, దానిపైన మట్టి పలచగా ఉంటుంది, తడి నిలవదు. అక్కడ పైరు గిడసబారి ముందే పసుపెక్కుతుంది. పూడిన కందకం మీదైతే రివర్స్... పైరు ఏపుగా, ముదురు పచ్చగా పెరుగుతుంది. కింద నడిచే రైతుకి అది అక్కడక్కడా పచ్చ, అక్కడక్కడా పసుపు. పైనుంచి చూసేవాడికి అదే గీత, అదే వృత్తం. 2018 వేసవిలో ఐర్లాండ్‌లో వానల్లేక నేల ఎండినప్పుడు, న్యూగ్రేంజ్ దగ్గర పొలంలో దాగిన పెద్ద వలయమొకటి ఇలాగే డ్రోన్ కెమెరాకి చిక్కింది.

పెరూలోని నాజ్కా గీతలు పెడితే మాత్రం మా గ్రూపులో ‘బోర్’ అంటారు. అందరికీ తెలిసినవే అని. కానీ అక్కడ కూడా జపాన్‌లోని యమగాటా యూనివర్సిటీ వాళ్లు ఏఐ సాయంతో 303 కొత్త బొమ్మలు పట్టారని 2024లో బయటపడింది. అంతా తెలిసిందనుకున్న చోట కూడా ఇంకా ఇంత మిగిలే ఉందన్నమాట!

మన దగ్గర ఈ ఆటకి పుట్టినట్టున్న చోటు ఓరుగల్లు కోట. ఫోన్లో వరంగల్ మీద జూమ్ చేస్తే ఒకదానిలో ఒకటి రెండు వలయాలు కనిపిస్తాయి. లోపలిది రాతి కోట, సుమారు 1.2 కిలోమీటర్ల వెడల్పు. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేయించిందంటారు. గోడ పొడవునా బురుజులు, 45 ఉన్నాయని లెక్క. బయటిది మట్టికోట, అడ్డంగా 2.4 కిలోమీటర్లు. వలయాల మధ్య పొలాలు, ఇళ్లు. ఇంత అందమైన ప్లాను నేను హట్రాలో తప్ప చూడలేదు. అది ఇరాక్‌లో ఉంది, దానిదీ దాదాపు గుండ్రటి గోడే.

అదే కోటకి నేల మీద వెళ్లండి. వృత్తం మాయం! వరంగల్ స్టేషన్ నుంచి ఆటో ఎక్కి ఖిలా వరంగల్ వైపు పోతుంటే మట్టికోట ఎప్పుడొస్తుందా అని నేను చూస్తూనే ఉన్నా. ‘ఇంకా రాలేదా అన్నా?’ అంటే ఆటో అన్న నవ్వాడు. ‘దాటేసినమన్నా! గడ్డి మొలిసిన గుట్ట లెక్క ఉండె సూడు, గదే. అందరు గట్లనే అడుగుతరు.’ కోటగోడ అని పేరు తగిలించుకోకపోతే అది వట్టి మట్టికట్టే. రాతికోట గేటు దగ్గర రోడ్డు ఎందుకు మెలిక తిరుగుతుందో కూడా పైనుంచి చూసినవాళ్లకే చప్పున అర్థమవుతుంది. శత్రువు సేన ఒక్క ఊపున దూసుకురాకుండా వేసిన మెలిక అది. ఇప్పుడు ఆటోలు, స్కూల్ పిల్లల సైకిళ్లు అందులోంచే వెళ్తున్నాయి. నడిమధ్యలో నాలుగు కీర్తి తోరణాలు, స్వయంభూ శివాలయం శిథిలాలు చూడ్డానికి మాత్రం కిందే ఉండాలి. ఆ చెక్కుడు ఏ శాటిలైట్‌కీ అందదు.

ఆట ఇంతవరకే అయితే టైంపాస్ అని వదిలేయొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఫొటోలు చూసే స్లైడర్ ఉంది చూశారా? ఆట సీరియస్ అయ్యేది అక్కడే. భువనేశ్వర్ శివార్లలో శిశుపాల్‌గఢ్ అని రెండు వేల ఏళ్లు దాటిన నగరం ఉంది. పక్కా చతురస్రం, ఒక్కో వైపు కిలోమీటరు పైనే, వైపుకి 2 చొప్పున 8 ద్వారాలు. 1948లో బి.బి.లాల్ అక్కడ తవ్వకాలు జరిపారు. స్లైడర్‌ని 20 ఏళ్లు వెనక్కి జరపండి. చతురస్రం లోపల ఎక్కువగా పొలాలే. ఇప్పటికి రండి. కొత్త ఇళ్ల పైకప్పులు, వాటి మధ్య రోడ్లు. ఇల్లు కట్టుకున్నవాళ్లని తిట్టి లాభం లేదు. పెరిగే నగరం పక్కన ఖాళీ స్థలం ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది? కానీ ఏడాదికింత చొప్పున తరుగుతున్న ఆ చతురస్రాన్ని చూస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది.

సిరియాలోని అపామియా అయితే మరీ ఘోరం. రోమన్ల కాలం నాటి స్తంభాల వీధి, దాదాపు 2 కిలోమీటర్లు సాగుతుంది. 2011 జులై ఫొటోలో చుట్టూ నున్నటి పొలాలు. 2012 ఏప్రిల్ ఫొటోలో స్ఫోటకం మచ్చల్లా గుంటలు... వందలు కాదు, వేలు! యుద్ధం మొదలయ్యాక దొంగలు నాణేలు, మొజాయిక్‌ల కోసం తవ్వుకుపోయారు. 9 నెలల్లోపు జరిగిన పని. ఆ 2 ఫొటోలు పక్కపక్కన పెట్టిన రోజు మా గ్రూపులో ఒక్కరూ పాయింట్లు అడగలేదు.

అందుకే మాకో గట్టి రూల్ ఉంది. బోర్డు, కంచె, కాపలా ఉన్న ప్రసిద్ధ చోట్లకే లొకేషన్ షేర్ చేయాలి. ఎవరికైనా గుర్తింపు లేని దిబ్బ కనబడితే పిన్ బయట పెట్టకూడదు, ఇన్‌స్టాలో అసలే పెట్టకూడదు. ఇది మా సొంత తెలివి కాదు లెండి. శాటిలైట్ పురావస్తు శాస్త్రవేత్త సారా పార్కాక్ 2016లో వచ్చిన 10 లక్షల డాలర్ల టెడ్ ప్రైజ్‌తో గ్లోబల్ ఎక్స్‌ప్లోరర్ పెట్టారు. పెరూ ఫొటోల్ని చిన్న చిన్న ముక్కలు చేసి, మామూలు జనాల చేత పాత కట్టడాలు, దొంగ తవ్వకాలు వెతికించారు. చూసేవాళ్లకి ఆ ముక్క ఏ ఊరిదో మాత్రం చెప్పలేదు. దొంగలు కూడా ఫోన్లు వాడతారు కదా!

మన ఊళ్లలో దొంగలు అక్కర్లేదు, ట్రాక్టరు చాలు. పెద్దవాళ్లని అడగండి, ‘పాటిదిబ్బ’ అనో ‘పాటిగడ్డ’ అనో ఒక చోటు చూపిస్తారు. ఒకప్పుడు ఊరుండి ఖాళీ అయిన చోటు. కూలిన మట్టిగోడలు, బూడిద, పేడ, పెంకులు అన్నీ కలిసిన ఆ మన్ను చేనుకి మంచి బలం. అందుకే పాటిమన్ను తోలుకుంటారు. ఒకప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు జేసీబీ, ట్రాక్టరు. ఫొటోలో చుట్టుపక్కల పొలాల కంటే వేరే రంగులో, గట్లు చుట్టూ తిరిగిపోయే ముద్దలా కనిపిస్తుంది. తవ్వుతున్నదైతే ఒక పక్క కొరికిన రొట్టెలా ఉంటుంది. మీ ఊరిది ఎలా ఉందో ఒకసారి జూమ్ చేసి, స్లైడర్ జరిపి చూడండి.

నాగార్జునకొండని మాత్రం మేం ఆటలో పెట్టం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. డ్యామ్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం బృందం గబగబా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదకి, అనుపుకి తరలించింది. ఇప్పుడు పైనుంచి చూస్తే నీలం నీళ్లు, ద్వీపంలా కొండ. గూగుల్ ఎర్త్ స్లైడర్ ఎంత వెనక్కి జరిపినా నీళ్లే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి తొట్లకొండ ఇస్తాం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన కొండ మీద బౌద్ధ విహారం. నేవీ వాళ్లు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే ఇది బయటపడిందట. అంటే ఈ ఆట మనకంటే ముందు వాళ్లు ఆడి గెలిచేశారు! క్లూలు ఇవిగో: ఒక పక్క బంగాళాఖాతం, కొండ మీద గుండ్రటి స్తూపం పునాది, దగ్గర్లో చిన్న చిన్న గదుల వరసలు, వాననీళ్లకి రాతిలో తొలిచిన తొట్లు. జవాబు ముందే చెప్పేశాం కాబట్టి టైమ్ 2 నిమిషాలు కాదు... 30 సెకన్లే.