శర అనాల్సిన చోట శశి

ఇందుకూరుపేటలో తాత పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మామయ్య, "తాత నేర్పిన పద్యం చెప్పబ్బయా" అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అందరూ తలూపారు.

పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే చంపకమాల అది. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసింది ఈ మల్లనే. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి దాంట్లో రెండు, ఆపైన నాలుగు, ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలని ఆ పద్యం చెబుతుంది. అందులో అంకెల పేర్లు దాదాపు ఉండవు. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. వేదాలు 4. ఒకట్ల స్థానంలో మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

తాత దీన్ని నాకు వేసవి సెలవుల్లో వడ్ల లెక్కగా చెప్పాడు. "ఎన్ని పుట్లవుతాయిరా?" అనేవాడు. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. వెయ్యి వడ్లు 20 గ్రాములనుకుంటే 43 వేల కోట్ల పుట్లు దాటతాయి. నా కాలిక్యులేటర్ ముందున్న కొన్ని అంకెలు చూపించి మిగతావి మింగేసింది. తాత ఇరవై అంకెలూ చెప్పాడు.

ఇప్పుడు అదే సంఖ్య ఆఫీసులో ఎదురవుతుంటుంది. మైనస్ గుర్తు అక్కర్లేకపోతే 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. సున్నాలోంచి ఒకటి తీసేస్తే కౌంటర్ ఎగిరి అక్కడికి పోతుంది. లాగ్‌లో 1844 కనిపిస్తే చాలు, మిగతాది చదవను.

ఆ రాత్రి మేడ మీద పడుకుని మామయ్య వీడియో విన్నాను. ఊరికే, నిద్ర పట్టక, ఒక్కో మాటకీ అంకె వేసి కూడాను. 83 వచ్చింది. 3తో పోదు. పోవాలి కదా! 2కి 64వ ఘాతమంటే 4కి 32వ ఘాతమే. 4 ఏ ఘాతాన్నైనా 3తో భాగిస్తే ఒకటి మిగులుతుంది, ఆ ఒకటీ ముందే తీసేశాం. (3, 5, 17, 257, 641, 65537, 6700417. ఈ ఏడింటి లబ్ధమే ఆ సంఖ్య. వీటిలో 641ని 1732లో ఆయిలర్ వేరే లెక్క చేస్తూ పట్టుకున్నాడు.) అసలు మొత్తం 87 రావాలి. నాలుగు తగ్గింది. కుడినుంచి అయిదో స్థానంలో, రెండో 'శర' బదులు 'శశి' అనేశాను.

ఛందస్సు పట్టుకోలేదేం? రెండూ రెండేసి లఘువులు. మొదటి 'శర'ని మార్చుంటే ప్రాస తప్పేది. పక్కనున్న 'సాయక' బదులు 'మార్గణ' అన్నా బాణమే, గురులఘువులూ అవే, కానీ యతి చెడేది. ఈ ఒక్క 'శర'కే కాపలా లేదు. పద్యం చెక్‌సమ్ లాంటిదని మిత్రుల దగ్గర తెగ వాదించేవాణ్ణి.

తాత సరిగ్గానే చెబితే నేను మర్చిపోయానా, లేక ఆయనే అట్లా చెప్పేవాడా? పొద్దున అమ్మనడిగితే, "నాన్న కూడా అట్టనే చెప్పేవాడు" అంది. ఆ రోజు నేనేం చెప్పినా అమ్మకి అట్టనే ఉండేదేమో.

అప్పటికే వీడియో ఫ్యామిలీ గ్రూపులో ఉంది. కింద వరసగా దండాలు. సరిదిద్దుతూ ఒక మెసేజ్ టైప్ చేశాను. పంపలేదు.