నిఖత్ మా అత్తమ్మ ఈడుదై ఉంటే

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇడ్లీల కన్నా ముందు వాదన తయారవుతుంది. మొన్నటిది బాస్కెట్‌బాల్ మీద. రుద్రూర్‌లో బాస్కెట్‌బాల్ ఏంటని నవ్వకండి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా పెద్దోడు ఇంటికొచ్చినప్పుడల్లా ఫోన్‌లో అదే చూస్తాడు. స్టీఫెన్ కర్రీ ఏ కాలంలో ఆడినా ఇట్లాగే ఆడేవాడని వాడంటాడు. "జోర్డాన్ కాలంల ఆడితే తెలుస్తుండె, మీదపడి ఆపుతుండిరి" అని మా ఆయన. ఆయనకు జోర్డాన్ తప్ప రెండో పేరు తెలీదు, అది వేరే సంగతి. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లనే గీత ఎన్‌బీఏలో 1979లో వచ్చిందట. అంతకుముందు అయితే కర్రీ ఎంత దూరం నుంచి వేసినా రెండే కదా అని నేను చట్నీ గిన్నె పెడుతూ అన్నాను. ఇద్దరూ నావైపు చూసి మళ్లీ వాళ్ల గొడవలో పడ్డారు. మీ ఇళ్లల్లో కూడా ఇంతేనా?

అప్పుడు మా చిన్నది అడిగింది. "మరి నిఖత్ జరీన్ నానమ్మ కాలంల పుట్టి ఉంటే?"

ఎనిమిదో తరగతి అది. నోట్‌బుక్ అట్ట మీద నిఖత్ ఫోటో అంటించుకుంది. మన నిజామాబాద్ పిల్ల. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ ఛాంపియన్. నానమ్మ కాలంలో గెలిచేదా ఓడేదా అని పెద్దోడు లెక్కలు మొదలుపెట్టబోయాడు. నాకు మాత్రం ప్రశ్నే వేరుగా వినిపించింది. కర్రీకి అప్పుడు గీత ఒక్కటే లేదు. నిఖత్‌కు బరే లేదు.

మా అత్తమ్మకు ఇప్పుడు అరవై ఎనిమిది. ఆమెకు ఇరవై ఏళ్లున్నప్పుడు ఆడవాళ్లకు బాక్సింగ్‌లో ప్రపంచ పోటీలే లేవు, మొదటివి 2001లో జరిగాయి. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల అమెచ్యూర్ బాక్సింగ్ మీద నిషేధం ఎత్తేసింది 1996లో. నిఖత్ పుట్టిందీ ఆ ఏడే. ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ల బాక్సింగ్ వచ్చింది 2012లో. అంటే ఆమె చిన్నపిల్లగా టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచిన 2011 నాటికి కూడా ఆ తలుపు తెరుచుకోలేదు.

కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. 1994, 1995ల్లో వరసగా ప్రపంచ ఛాంపియన్. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ వస్తే ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో పెట్టారు, అప్పటికి బరువు విభాగం కూడా మారి, 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మనమంతా ఆ కాంస్యానికి చప్పట్లు కొట్టాం. ఆ నాలుగేళ్ల ముందరి పతకం సంగతి ఎవరైనా తలుచుకున్నామా?

నా కథ అంత గొప్పది కాదు. 1997లో పదో తరగతి. చున్నీ నడుముకు బిగించి కట్టి కబడ్డీ ఆడేదాన్ని, కాలు పట్టడంలో నాకు పేరుండేది. సెలక్షన్లు వేరే ఊళ్లో అన్నారు. ఆడపిల్లల వెంట పోవడానికి లేడీ టీచర్ లేదు, ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఎవరూ వద్దని గట్టిగా కూడా అనలేదు, అట్లా ఆగిపోయింది. 2010లో ఆసియా క్రీడల్లో మొదటిసారి ఆడవాళ్ల కబడ్డీ పెట్టి, మనవాళ్లకు బంగారం వచ్చిందని టీవీలో చెప్తుంటే, నేను పెద్దోడికి యూకేజీ హోంవర్క్ చేయిస్తున్నాను. మగవాళ్ల కబడ్డీ 1990 నుంచే ఉందట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చిన్నదాన్ని బడిలో కబడ్డీ జట్టులోకి తీసుకున్నారు. జిల్లా సెలక్షన్లు గురువారం నిజామాబాద్‌లో. వారం నుంచి మా ఆయన "చూద్దాం" అంటున్నాడు. ఆ చూద్దాం ఎట్లాంటిదో మీకు చెప్పాలా? నాకేమో ఆ రోజు వరికోత కూలీలకు వంట.

నిఖత్ చిన్నప్పుడు మైదానంలో బాక్సింగ్ చూసి, ఆడపిల్లలు ఎందుకు లేరని వాళ్ల నాన్ననే అడిగిందట. ఆడవాళ్లకు అంత బలం లేదని జనం అనుకుంటారని ఆయన చెప్పి, ఆమెను అందులోనే చేర్పించాడు. మొహం మీద దెబ్బలు చూసి తల్లి పెళ్లి గురించి ఏడిస్తే, పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారందట ఈ పిల్ల. ఈ ముక్క నేను కావాలనే కొంచెం గట్టిగా చెప్పాను. మా ఆయన ఇడ్లీ తుంచుతూ తల ఎత్తలేదు.

అప్పటిదాకా గడప దగ్గర చిక్కుడుకాయలు గిల్లుతున్న అత్తమ్మ మాట కలిపింది. "నేను ఉరికితే మా అన్నలు అందకపోదురు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు కడుతుంటే మోపులు నేనే ఎత్తిస్తుంటి. కానీ మాకు ఆటనేది పెద్దమనిషి అయ్యేదాక్నే."

ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె పరుగెత్తేదని నాకు తెలీదు. నేను అడగనూ లేదు.

గిల్లిన కాయల చాట నా చేతికిస్తూ, "ఏ దినమన్నరు?" అంది.

"గురువారం అత్తమ్మా. తోడు ఎవరన్నా పోవాలె."

"నేను పోత. బస్సు ఫ్రీయేనాయె. నా ఆధార్ కార్డు ఏడ పెట్టినవ్, తియ్యి."