బీర్పూర్ పెద్దమ్మ, నాలుగు అంకెలు

2025 వేసవిలో బీర్పూర్ పోయాను. బస్సులోంచి పెద్దమ్మకు ఫోన్ చేస్తే రింగుకు ముందు సైబర్ మోసాల హెచ్చరిక! సిగ్నల్ రెండుసార్లు పోయింది, హెచ్చరిక మూడుసార్లు విన్నాను. ఆ జూన్‌లో దాన్ని ఆపేశారనుకోండి.

2016లో మండలమైన ఊరిది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వడ్ల పైసల కోసం ఇద్దరం జగిత్యాల బస్సెక్కాం. పెద్దమ్మకు జీరో టికెట్, నాకు పైసల టికెట్.

ఏటీఎం గోడ నిండా బోర్డులే. పిన్ ఎవరికీ చెప్పొద్దు, కొత్తవాళ్ల సాయం తీసుకోవద్దు. పెద్దమ్మకు అంకెలొచ్చు, చదువు రాదు. సేవింగ్సా, కరెంటా అని మిషన్ అడిగింది. ఆమె ఆలోచించేలోపే కార్డు బయటికొచ్చింది.

"ఏందిర బిడ్డా, పైసలు నావి, తొందర దానిదా?"

నవ్వాను. ఇంతలో లైనంతా వినేటట్టు పిన్ గట్టిగా చెప్పేసింది! నాకు చెమటలు పట్టాయి.

"నేను లేనప్పుడెట్ల?"

"ఎవలనో అడుగుత. ఒత్తి ఇస్తరు."

అప్పుడు హెచ్చరిక మీద కోపం సగం తగ్గింది. మోసపోతే 1930కి చెప్పమనడం మంచి మాటే. కానీ కౌంటర్లో మనిషి పని మిషన్‌కిచ్చి, ఎవరినీ అడగొద్దంటే ఆమె ఎటు పోవాలి?

సాయంత్రం ఇంటి గోడ మీద చాక్‌పీసుతో మిషన్ గీసి, ఏ మీట తర్వాత ఏదో పదిసార్లు నొక్కించాను. మర్నాడు మళ్లీ జగిత్యాల పోయి పిన్ తానే మార్చుకుంది. నేను మొహం తిప్పుకున్నాను.

కొత్త పిన్ నాకు కూడా చెప్పలేదు.