రిజిస్టరులో లేని పాప

1980లలో బోధన్ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేశాను. ప్రతి నెలా జిల్లాకు పంపే నివేదికలో ఐదేళ్ళలోపు పిల్లల బరువుల లెక్క ఒకటి ఉండేది. అప్పటి పద్ధతిలో పోషకాహార లోపాన్ని నాలుగు స్థాయిలుగా రాసేవారు. వయసుకు తగిన బరువులో 60 శాతం మించని బిడ్డలు మూడు, నాలుగు స్థాయిల్లోకి వస్తారు. ఆ రెండు గడుల్లో మా లెక్క తరచు సున్నా. ఆ సున్నా కింద సంతకం చేయడం నాకు కొంత గర్వంగానే ఉండేది.

ఒక పుష్యమాసంలో, చెరకు కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఒక తల్లి ఏడాదిన్నర పాపను కొంగులో చుట్టుకొని తెచ్చింది. నాలుగు రోజులుగా విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. త్రాసులో వేస్తే ఐదు కిలోలు కూడా లేదు. ఆ వయసు ఆడపిల్ల సుమారు పది కిలోలు ఉండాలి.

అంగన్‌వాడీ కార్యకర్తను పిలిపించి కోపంగానే అడిగాను, ఈ పాప మీ లెక్కలోకి ఎందుకు రాలేదని. ఆమె తడబడలేదు. "మా ఊరి పిల్ల గాదు సారూ. చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర కెల్లి వచ్చినోళ్ళ పిల్ల. నా రిజిస్టర్ల పేరు లేదు" అంది.

ఆమె చెప్పింది నిజం. ఆ కుటుంబాల గుడిసెలు పొలం గట్టున ఉండేవి. నేను రోజూ ఆ దారినే వెళ్ళేవాణ్ణి. ఒక్కనాడూ ఆగి చూడలేదు.

సెలైన్ పెట్టి రెండు రోజులు కేంద్రంలోనే ఉంచాం. విరేచనాలు తగ్గాయి. మూడవ రోజు తెల్లవారేసరికి తల్లీబిడ్డలు లేరు. ముఠా మేస్త్రీ పనికి పిలిచాడట. వారం తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాను. కోత ముగిసింది, గుడిసెలు లేవు. ఆ నెల నివేదికలో పాపను ఏ ఊరి వరుసలో రాయాలో తోచలేదు. రాయలేదు. మళ్ళీ సున్నా కిందనే సంతకం చేశాను. ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఇప్పటికీ బాధించేది అది.

అప్పటినుంచి పిల్లల ఆరోగ్యం గురించి ఏ అంకె కనబడినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఎంతమందిని కొలిచారు? ఎవరిని కొలవలేదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 100కి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. దాదాపు 22 మంది ఎత్తుకు తగిన బరువు లేరు. ఇంటింటికీ వెళ్ళి కొలిచిన అంకెలు గనుక వీటికి విలువ ఉంది. అయితే అటువంటి సర్వే కూడా ముందుగా తయారుచేసుకున్న ఇళ్ళ జాబితాతోనే మొదలవుతుంది. జాబితా అయ్యాక వేసిన గుడిసె అందులో ఉండదు.

శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా వలస కుటుంబాలు ఆగిపోలేదు. ఇటుక బట్టీల దగ్గర, కడుతున్న భవనాల నీడన వారి పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. నేడు అంగన్‌వాడీలలో బరువులు ఫోనులో నమోదు చేస్తున్నారు. సాధనం మారింది కాని, త్రాసు దాకా రాని బిడ్డను ఏ ఫోనూ తూచలేదు.

పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలు ఐదేళ్ళలోపు పిల్లలకు, ఎడమ చేతి దండ మధ్యభాగంలో చుట్టుకొలత తీయండి. 12.5 సెంటీమీటర్ల లోపు ఉంటే పోషణ లోపించినట్లు. 11.5 కన్నా తక్కువైనా, రెండు పాదాలకూ వాపు ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మీ వీధిలో పని జరుగుతున్న చోట పసిపిల్లలు కనబడితే అంగన్‌వాడీ కార్యకర్తకు గాని, ఆశా కార్యకర్తకు గాని చెప్పండి. "మా ఊరి పిల్లలు కాదు" అని ఆమె అంటే, ఈ నెల ఇక్కడే ఉన్నారు గనుక మన పిల్లలే అని చెప్పి, పేరు రాసేదాకా అక్కడే ఉండండి.